మెడలో కణితి, పదో క్రోమోజోమ్‌లో అక్షరం

జన్యు పరీక్షలు చేసే ల్యాబులో తెర మీద నాలుగు రంగుల గీతలు అలలు అలలుగా సాగుతుంటాయి. డీఎన్ఏలోని నాలుగు అక్షరాలకు నాలుగు రంగులు. ఎ పచ్చ, సి నీలం, జి నలుపు, టి ఎరుపు. ఒక్కో అలకు ఒక్కో అక్షరం చొప్పున వరసగా చదువుకుంటూ పోవచ్చు. అలలన్నీ విడివిడిగా, శుభ్రంగా లేచి దిగుతాయి. అయితే రెట్ అనే జన్యువులో 634వ మాట దగ్గరికి వచ్చేసరికి, కొందరి పటంలో ఒకే స్థానంలో రెండు అలలు కనిపిస్తాయి. ఎర్రది ఒకటి, నీలంది ఒకటి, ఒకదాని మీద ఒకటి పడి, రెండూ సగం ఎత్తులోనే ఆగిపోయి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, మనకు ప్రతి జన్యువూ రెండు ప్రతుల్లో వస్తుంది కదా. ఆ రెండింటిలో ఒక ప్రతిలో టి ఉంది, రెండోదాంట్లో దాని చోట సి కూర్చుంది. అటూ ఇటూ ఉన్న అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అలాంటి పటం ఒక మూడేళ్ల పాప రక్తానిది అనుకోండి. మెడ మీద గడ్డ లేదు, మింగడానికి ఇబ్బంది లేదు, ఇల్లంతా పరుగులు పెడుతోంది. అయినా డాక్టర్లు అయిదేళ్లు నిండేలోగా ఆ పాప థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేయాలంటారు. ఆ మాట వినగానే తల్లిదండ్రులకు కాళ్ల కింద భూమి కదిలినట్టవుతుంది. ఒంట్లో ఏమీ లేని బిడ్డకు ఆపరేషన్ ఏమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి గట్టి జవాబు ఉంది. ఆ జవాబు దొరకడానికి వందేళ్లకు పైగా పట్టింది.

థైరాయిడ్ అనగానే మనకు గుర్తొచ్చేవి పరగడుపున వేసుకునే మాత్ర, టీఎస్‌హెచ్ పరీక్ష, అయోడిన్ ఉప్పు, పెద్దవాళ్ల మాటల్లో వినే గలగండం. ఇవన్నీ ఆ గ్రంథిలో ఎక్కువ భాగం నిండి ఉన్న ఫాలిక్యులర్ కణాల సంగతులు. అయోడిన్‌ను పట్టుకుని హార్మోన్ తయారుచేసేవి అవే. థైరాయిడ్ క్యాన్సర్లలో కూడా అత్యధిక భాగం వాటి నుంచే పుడతాయి. అందులో పాపిలరీ రకం వచ్చినవాళ్లలో చాలామంది చికిత్స తర్వాత నిండు జీవితం గడుపుతారు. “థైరాయిడ్ క్యాన్సరే కదా, భయం లేదు, అయోడిన్ మందు తాగిస్తే పోతుంది” అని చుట్టాలు ధైర్యం చెప్పేది ఈ రకాన్ని చూసే.

ఆ కణాల మధ్య అక్కడక్కడా, ముఖ్యంగా గ్రంథి రెక్కల పైభాగంలో, వేరే జాతి కణాలు కొద్దిగా ఉంటాయి. వాటిని సీ-కణాలంటారు. ఒక రకంగా ఇవి ఆ ఇంట్లో అద్దెకు దిగినవి. చేపల్లోనైతే వీటికి థైరాయిడ్‌తో సంబంధం లేని సొంత గ్రంథి ఉంది. మన లాంటి క్షీరదాల్లో మాత్రం పిండం ఎదిగే దశలో అవి వచ్చి థైరాయిడ్‌లో కలిసిపోతాయి. వీటి పని కాల్సిటోనిన్ అనే హార్మోన్ తయారుచేయడం. దీన్ని 1960ల మొదట్లో కెనడాలోని వాంకూవర్‌లో హెరాల్డ్ కాప్ బృందం కనిపెట్టింది. రక్తంలో కాల్షియాన్ని తగ్గించే హార్మోన్ ఇది. సాల్మన్ చేప కాల్సిటోనిన్ మనిషి దానికంటే బలంగా పనిచేస్తుంది కాబట్టి, ఎముకలు గుల్లబారినవాళ్లకు దాన్నే మందుగా ఇచ్చేవారు. విచిత్రం ఏమిటంటే, థైరాయిడ్ తీసేశాక మనిషికి కాల్సిటోనిన్ లేని లోటు దాదాపు తెలియదు.

ఈ సీ-కణాల్లో పుట్టే కణితినే మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ అంటారు. నూరు థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది రెండో మూడో ఉంటుంది, అంతే. కానీ మిగతావాటికి చెల్లే ధీమా దీనికి చెల్లదు. సీ-కణాలు అయోడిన్‌ను పట్టుకోవు కాబట్టి రేడియో అయోడిన్ చికిత్స దీనిమీద పనిచేయదు. మెడలోని లింఫ్ గ్రంథుల్లోకి తొందరగా పాకుతుంది. అక్కడి నుంచి కాలేయానికి, ఎముకలకు, ఊపిరితిత్తులకు వెళుతుంది. పూర్తిగా నయం చేయగల గట్టి ఆయుధం ఒక్కటే, అది పాకక ముందే కత్తితో తీసేయడం.

మైక్రోస్కోపు కింద దీని రూపం కూడా వేరు. కణాల గుంపుల మధ్య గాజులా మెరిసే గులాబీ రంగు పదార్థం పేరుకుని ఉంటుంది. పాథాలజిస్టు దానికి కాంగో రెడ్ రంగు అద్ది, ధ్రువిత కాంతిలో పెట్టి పళ్లాన్ని తిప్పితే, ఆ ఎరుపు కాస్తా లేత జామకాయ పచ్చలోకి మారుతుంది. అది అమిలాయిడ్. కణితి కణాలు విడుదల చేసిన కాల్సిటోనినే మడతపడి, గుట్టలుగా పేరుకుని అలా అయింది. ఈ రకాన్ని విడిగా గుర్తించి పేరు పెట్టింది 1959లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో హజార్డ్, ఆయన సహచరులు. కణితి కాల్సిటోనిన్‌ను రక్తంలోకి వదులుతుంది కాబట్టి వైద్యులకు ఒక మంచి ఆనవాలు చిక్కింది. ఆపరేషన్ తర్వాత రక్తంలో ఆ అంకె మళ్లీ పెరిగిందంటే, ఎక్కడో మిగిలిన కణాలు మేల్కొన్నట్టే.

ఆ తర్వాత రెండేళ్లకు, 1961లో, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూజ్‌లో జాన్ సిపుల్ అనే యువ వైద్యుడు ఒక శవపరీక్ష చూశాడు. అధిక రక్తపోటుతో, మెదడులో రక్తస్రావమై చనిపోయిన మనిషి అతను. రెండు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లోనూ కణితులు ఉన్నాయి. ఇలా అడ్రినలిన్ జాతి రసాయనాలను కుమ్మరించే కణితిని ఫియోక్రోమోసైటోమా అంటారు. అతనికి థైరాయిడ్‌లో కూడా క్యాన్సర్ ఉంది. రెండూ కలిసి రావడం కాకతాళీయం కాదని సిపుల్ రాశాడు. ఆ థైరాయిడ్ కణితి మెడ్యులరీ రకమేనని, అది సీ-కణాల్లోంచి వస్తుందని తర్వాతి కొన్నేళ్లలో తేలింది. ఇది కుటుంబాల్లో తరం తర్వాత తరం దిగుతోందని కూడా తెలిసింది. పెద్ద పేరే పెట్టారు, మల్టిపుల్ ఎండోక్రైన్ నియోప్లాసియా టైప్ 2. క్లుప్తంగా మెన్-2 అంటారు.

అప్పటికి ఆ కుటుంబాల్లోని పిల్లలకు చేయగలిగింది ఒకటే. ఏటా ఆస్పత్రికి తీసుకొచ్చి పెంటాగాస్ట్రిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చి, కాల్సిటోనిన్ ఎగబాకుతుందేమో చూడడం. ఆ మందు ఎక్కగానే ఒళ్లంతా వేడి కమ్ముతుంది, ఛాతీ బిగుసుకుంటుంది, కడుపులో తిప్పుతుంది. ప్రాణం పోతోందన్నంత భయం వేస్తుంది. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ ఏటా ఇదే. వాళ్లలో సగంమందికి అసలు జబ్బు రాసిపెట్టే లేదు. ఏ సగమో మాత్రం ఎవరికీ తెలియదు.

తెలియడానికి దారి చూపిన జన్యువు ఇంకో పని మీద వెతుకుతుంటే దొరికింది. 1985లో మసాహిదే తకహాషి, జెఫ్రీ కూపర్ బృందం మనిషి కణితి డీఎన్ఏను ఎలుక కణాల్లోకి ఎక్కించి చూస్తోంది. ఆ ఎక్కించే క్రమంలో రెండు డీఎన్ఏ ముక్కలు తెగి అతుక్కుని, కొత్త క్యాన్సర్ జన్యువు ఒకటి తయారైంది. ఆ తెగి అతకడాన్ని సూచించే ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలే రెట్. పేరులో థైరాయిడ్ ఊసే లేదు. 1987లో మెన్-2 జాడ పదో క్రోమోజోమ్ మీద ఉందని తేలింది. ఆరేళ్ల పాటు ఆ క్రోమోజోమ్‌ను జల్లెడ పట్టగా, 1993లో దోషి బయటపడింది. అది రెట్ జన్యువే.

రెట్ చేసే ప్రోటీన్ కణం పొర మీద నిలబడి ఉండే గ్రాహకం. తల బయటికి, కాళ్లు లోపలికి. బయటి నుంచి తగిన సంకేతం వచ్చినప్పుడు మాత్రమే రెండు రెట్ అణువులు జతకడతాయి. జతకట్టగానే లోపలి భాగం మేల్కొని, పెరగమని, బతకమని, కదలమని కణానికి ఆజ్ఞలు పంపుతుంది. సంకేతం పోగానే విడిపోతాయి. పిండంలో పేగుల నాడీకణాలు తమ చోటికి నడిచి వెళ్లడానికి, మూత్రపిండాలు ఏర్పడడానికి ఇది కావాలి.

ఇప్పుడు 634 దగ్గరికి వద్దాం. మామూలుగా అక్కడ టిజిసి అనే మూడక్షరాల మాట ఉంటుంది, దానికి అర్థం సిస్టీన్ అనే అమైనో ఆమ్లం. మెడ అనే మాటలో ఒక దీర్ఘం పడితే మేడ అయిపోయినట్టు, టి చోట సి వస్తే అది సిజిసి అవుతుంది, సిస్టీన్ కాస్తా ఆర్జినిన్ అవుతుంది. సిస్టీన్లు రవిక హుక్కు, కాజా లాంటివి. ఒకే అణువులోని రెండు సిస్టీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ప్రోటీన్‌ను మడతలో ఉంచుతాయి. ఒకటి పోతే రెండోది ఒంటరి హుక్కుగా మిగులుతుంది. విప్పి ఉన్న హుక్కు పక్కనున్న పైటకు తగులుకున్నట్టు, అది పక్క రెట్ అణువులో తనలాగే ఒంటరిగా మిగిలిన హుక్కును పట్టేసుకుంటుంది. రెండు అణువులూ ఇక విడిపోవు. సంకేతం ఉన్నా లేకపోయినా లోపలికి ఆజ్ఞలు వెళుతూనే ఉంటాయి. సీ-కణాలు పెరుగుతూనే ఉంటాయి. మొదట వాటి సంఖ్య పెరుగుతుంది, ఆ తర్వాత క్యాన్సర్.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది ఈ దశ తర్వాత సంగతి. ఒకే జన్యువులో తప్పు ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి జబ్బు గమనం, దాని తోడు జబ్బులు, ఆపరేషన్ వయసు అన్నీ మారిపోతాయి. 634లో తప్పుంటే మెడ్యులరీ క్యాన్సర్ దాదాపు తప్పదు, చిన్న వయసులోనే మొదలవుతుంది. దాదాపు సగంమందికి అడ్రినల్ కణితులు, కొంతమందికి పారాథైరాయిడ్ గ్రంథుల ఉబ్బు కూడా వస్తాయి. 609, 611, 618, 620 స్థానాల్లోనూ సిస్టీన్లే ఉన్నాయి, అక్కడ తప్పు పడితే జబ్బు కాస్త నెమ్మది. 804లో పడితే ఇంకా నెమ్మది. కొందరు నడివయసు దాటేదాకా గడ్డ లేకుండానే ఉంటారు. ప్రాంతాలను బట్టి కూడా తేడా ఉంది. డెన్మార్క్ కుటుంబాల్లో 611 మార్పు ఎక్కువ. చాలా తరాల కిందటి ఒకే పూర్వీకుడి నుంచి అది పంచుకుపోయిందని వాళ్ల డీఎన్ఏలో ఆ మార్పు చుట్టుపక్కలి గుర్తులు చెబుతున్నాయి. గ్రీసులో 533 దగ్గరి మార్పు తరచుగా కనిపిస్తుంది.

అన్నిటికంటే కఠినమైనది 918. ఇది గ్రాహకం లోపలి భాగంలో, ఆజ్ఞలు పుట్టే యంత్రంలోనే ఉంది. ఇక్కడ ఎటిజి అన్న మాట ఎసిజి అవుతుంది. మిథియోనిన్ పోయి త్రియోనిన్ వస్తుంది. అప్పుడు జతకట్టే అవసరం కూడా లేకుండానే ఆ యంత్రం తిరుగుతుంది, పంపే ఆజ్ఞల తీరు కూడా మారుతుంది. ఈ పిల్లలకు తొలి ఏళ్లలోనే క్యాన్సర్ వస్తుంది. దీన్ని మెన్-2బి అంటారు. వీళ్లలో చాలామంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉండదు. తప్పు కొత్తగా, దాదాపు ఎప్పుడూ తండ్రి వీర్యకణంలోనే పుడుతుంది. వృషణాల్లో వీర్యకణాలను తయారుచేసే మూలకణాల్లో ఒకదానికి ఈ మార్పు వస్తే, అది పక్కవాటికంటే ఎక్కువగా విభజన చెంది పొలంలో కలుపులా విస్తరిస్తుంది. తండ్రి వయసు పెరిగేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది.

కుటుంబ చరిత్ర లేదు కాబట్టి ఈ పిల్లలను ఎవరూ అనుమానించరు. కానీ ఆనవాళ్లు ఉంటాయి. పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది గాని కంట నీటి చుక్క రాలదు. నెలల వయసు నుంచే తీరని మలబద్ధకం. కొంచెం పెద్దయ్యాక నాలుక కొసన, పెదవుల లోపల మెత్తటి చిన్న చిన్న బుడిపెలు, దళసరి పెదవులు, సన్నటి పొడుగు కాళ్లు చేతులు. ఆ బుడిపెలు నాడీ కణజాలం గుట్టలు. పిల్లల డాక్టరుకో, పళ్ల డాక్టరుకో, నోరు తెరిపించి చూసే వాళ్లెవరికైనా అవి కనిపిస్తాయి. కన్నీళ్లు లేని ఏడుపు, మలబద్ధకం, నాలుక మీద బుడిపెలు, ఈ మూడింటినీ కలిపి చూసే కన్ను ఒక్కటి ఉంటే, మెడలో గడ్డ చేతికి తగలక ముందే ఆ బిడ్డ దొరుకుతుంది. తగిలాక దొరికితే చాలాసార్లు ఆలస్యమైపోయినట్టే.

రెట్ పని పెరిగితే కణితి, తగ్గితే ఏమవుతుంది? పేగుల చివరి భాగానికి నాడీకణాలు చేరవు. పుట్టిన బిడ్డకు మొదటి నల్ల మలం రాదు, పొట్ట ఉబ్బుతుంది. దాన్ని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు అంటారు. రెట్‌ను నిర్వీర్యం చేసే మార్పులు దానికి కారణమని 1994లో తెలిసింది. కొన్ని కుటుంబాల్లో 618, 620 మార్పులతో రెండు జబ్బులూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. చెడిన ప్రోటీన్‌లో చాలా భాగం కణం లోపలే ఇరుక్కుపోతుంది, పేగుకు చాలదు. పైకి చేరిన కొద్దిపాటిది ఆగకుండా పనిచేస్తుంది, సీ-కణానికి ఎక్కువవుతుంది. అందుకే హిర్ష్‌స్ప్రంగ్ ఆపరేషన్ అయిన పిల్లలకు రెట్‌లో ఆ నాలుగైదు సిస్టీన్లను చూసుకోవడం మంచిది.

ఇంతకీ ఆ మూడేళ్ల పాప సంగతి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల ప్రకారం 918 ఉన్న బిడ్డకు తొలి ఏడాదిలోనే, 634 ఉన్న బిడ్డకు అయిదేళ్ల వయసుకు లేదా ఆలోపే థైరాయిడ్ తీసేయాలి. మిగతా స్థానాల్లో చాలావాటికి ఏటా కాల్సిటోనిన్ చూసుకుంటూ, అది పెరగడం మొదలైనప్పుడు చేయొచ్చు. ఇది పని చేస్తుందా అంటే, 2005లో వెలువడిన ఒక అధ్యయనం నా మనసులో నిలిచిపోయింది. జన్యు పరీక్షలో తేలినందుకే ఆపరేషన్ చేసిన 50 మంది పిల్లలను, యువతను అయిదేళ్లకు పైగా గమనించారు. వాళ్లలో 44 మందికి జబ్బు జాడ లేదు. కణితి కనిపించాక పరుగెత్తే వైద్యంలో ఈ జబ్బుకు అలాంటి ఫలితం ఊహకు కూడా అందదు.

ఆపరేషన్ చిన్నదేం కాదు. గొంతు పలికించే నాడి ఆ గ్రంథి వెనకే వెళుతుంది. గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు దానికే అంటుకుని ఉంటాయి, అవి దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది. పసిపిల్లల మెడలో ఇవన్నీ ఇంకా చిన్నవి. కాబట్టి ఇలాంటి ఆపరేషన్లు బాగా చేయి తిరిగిన సర్జను చేతిలోనే పెట్టాలి. తర్వాత జీవితాంతం రోజూ థైరాక్సిన్ మాత్ర. పెద్దవాళ్లకైతే ఇంకో జాగ్రత్త తప్పనిసరి. కత్తి పెట్టక ముందు అడ్రినల్ కణితి లేదని తేల్చుకోవాలి. ఉంటే ముందు దాని సంగతి చూడాలి. అది తెలియకుండా మత్తు ఇస్తే రక్తపోటు ఒక్కసారిగా ఆకాశాన్నంటి బల్ల మీదే ప్రాణం పోవచ్చు.

మన ఇళ్ల గురించి ఒక మాట. వంశంలో జబ్బు అనగానే మన దగ్గర ముందు వినపడేది మేనరికం. ఈ జబ్బుకు దాంతో పని లేదు. రెండు ప్రతుల్లో ఒక్కటి చెడినా చాలు, జబ్బు వస్తుంది. అమ్మకు ఉన్నా నాన్నకు ఉన్నా, ఆడపిల్లయినా మగపిల్లాడయినా, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. మేనత్త కొడుకును చేసుకున్నందుకు ఏ తల్లీ ఇందులో తనను తాను తిట్టుకోవాల్సిన పని లేదు. రెండోది దాపరికం. పిల్ల పెళ్లి సంబంధాలు చెడతాయని, పెదనాన్న పోయింది గుండెపోటుతో అని చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ గుండెపోటు నిజానికి అడ్రినల్ కణితి అయ్యుండొచ్చు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, వాళ్ల పిల్లలకు ఆ సంగతి చేరకపోతే, వాళ్లకు పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచన కూడా రాదు. పరీక్షకు కావాల్సింది కాస్త రక్తం, అదీ జీవితంలో ఒక్కసారి. ఆ కుటుంబంలో తెలిసిన మార్పు తనకు లేదని తేలిన వ్యక్తి ఇక ఏటేటా పరీక్షల భయం లేకుండా బతకొచ్చు, ఆ వ్యక్తి పిల్లలు కూడా.

మెడ్యులరీ క్యాన్సర్లలో నాలుగింట మూడొంతులు వంశంతో సంబంధం లేకుండా వస్తాయి. వీటిలో దాదాపు సగం కణితుల్లో కూడా రెట్ మార్పే ఉంటుంది, ఎక్కువగా 918. మిగతావాటిలో చాలావాటికి రాస్ అనే ఇంకో కుటుంబపు జన్యువులు కారణం. ఇక్కడే రిపోర్టు చదివేవాళ్లు తికమకపడతారు. కణితి ముక్కలో మాత్రమే దొరికి రక్తంలో లేని మార్పు ఆ కణితిదే, పిల్లలకు దిగదు. రక్తంలో దొరికితేనే అది పుట్టుకతో వచ్చింది. అందుకే ఇంట్లో ఇంకెవరికీ లేకపోయినా, మెడ్యులరీ అని తేలిన ప్రతి ఒక్కరికీ రక్తంలో రెట్ పరీక్ష చేయించాలి. తమకు వంశపారంపర్యం కాదనుకున్నవాళ్లలో కొద్దిమందికి అది ఉన్నట్టు తేలుతుంది. రెట్‌లో మార్పు కనిపించగానే హడలిపోనూ అక్కర్లేదు. 691వ స్థానంలో ఒక మార్పు ఆరోగ్యవంతుల్లో ఎంతోమందికి ఉంటుంది. దాన్ని చూసి మెడ కోయరు. స్థానం ఏది, అక్కడ ఏ అక్షరం మారింది, ఆ మార్పుతో ముందు ఎవరికైనా జబ్బు వచ్చిందా అన్నది విప్పి చెప్పే జన్యు సలహాదారు దగ్గర కూర్చోవాలి.

పాకిపోయిన జబ్బుకు మందులు ఇటీవలే వచ్చాయి. 2011లో వాండెటానిబ్‌కు, 2012లో కాబోజాంటినిబ్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. అవి రెట్‌తో పాటు ఇంకా చాలా యంత్రాలను ఆపుతాయి, అందుకే విరేచనాలు, రక్తపోటు, దద్దుర్లు. 2020లో వచ్చిన సెల్‌పర్కాటినిబ్, ప్రాల్‌సెటినిబ్ రెట్‌కే గురిపెట్టి చేసినవి. రెట్ మార్పు ఉన్న మెడ్యులరీ క్యాన్సర్‌లో సెల్‌పర్కాటినిబ్ పాత మందులకంటే ఎక్కువ కాలం జబ్బును ఆపిందని 2023లో వెలువడిన పరీక్ష చూపింది. ఇక్కడ మళ్లీ 804 ఎదురవుతుంది. అది మందు వెళ్లి కూర్చునే గూటి గుమ్మం. అక్కడ పెద్ద అమైనో ఆమ్లం వచ్చి అడ్డుకుంటే వాండెటానిబ్ లోపలికి పోలేదు. కొత్త మందులు ఆ గుమ్మాన్ని తప్పించుకుని వేరే వైపు నుంచి వెళతాయి. దాంతో కణితి 810 దగ్గర కొత్త అడ్డు కట్టుకుంటోంది. దాన్ని దాటే మందుల మీద ఇప్పుడు పని జరుగుతోంది.

ఈ కథకు పాత కొస ఒకటి ఉంది. 1886లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఫెలిక్స్ ఫ్రెంకెల్ అనే వైద్యుడు 18 ఏళ్ల అమ్మాయి మరణం గురించి రాశాడు. గుండె దడ, తలనొప్పి, వాంతులు విడతలు విడతలుగా వచ్చి, ఆ అమ్మాయి చనిపోయింది. కోసి చూస్తే రెండు అడ్రినల్ గ్రంథుల్లోనూ కణితులు. జన్యువు అన్న మాట అప్పటికి పుట్టలేదు, హార్మోన్ అన్న మాటా పుట్టలేదు. ఫియోక్రోమోసైటోమా గురించిన తొలి వర్ణనగా వైద్య పుస్తకాలు దాన్ని చెప్పుకుంటూ వచ్చాయి, మిగతాది ఎవరూ అడగలేదు. అదే ఊళ్లో పనిచేసే హార్ట్‌ముట్ నాయ్‌మన్ బృందం ఆ అమ్మాయి కుటుంబాన్ని తరాల వెంట వెతుక్కుంటూ వెళ్లి, బతికున్న బంధువులను పట్టుకుని, వాళ్ల రక్తం చదివింది. 2007లో ఆ ఫలితం అచ్చయింది. ఫ్రెంకెల్ ఆ అమ్మాయి గురించి రాసిన 121 ఏళ్లకు, ఆ ఇంటివాళ్ల పటంలో 634 దగ్గర ఒకే చోట రెండు అలలు.